మూడేళ్లు మోసిన బ్యాగు, విరిగిన క్లిప్పు

సైకిలు మీద బడికి వెళ్తూ వీపున మోసే ఈ బ్యాగు మీద నాకున్న కోపమంతా, భుజం పట్టీలను ఛాతీ దగ్గర కలిపే చిన్న ప్లాస్టిక్ క్లిప్పు మీదే. మూడేళ్లలో బ్యాగుకు చిల్లు పడలేదు, జిప్పు పాడవలేదు, కుట్టు ఊడలేదు. బొటనవేలంత క్లిప్పు మాత్రం పద్నాలుగో నెలలోనే విరిగింది. అదీ జులై సాయంత్రం, ఎదురుగాలిలో, ఇల్లు ఇంకా 9 కిలోమీటర్లు ఉందనగా.

నల్లగొండలో మా ఇంటి నుంచి తిప్పర్తి వైపున్న మా బడికి నా మీటరులో 17 కిలోమీటర్లు. తిన్నని హ్యాండిలున్న మామూలు గేరు సైకిలు. బ్యాగు 22 లీటర్లది. టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, మార్చుకునే చొక్కా, పుస్తకాలు అన్నీ కలిపి 6 కిలోల దాకా తూగుతుంది. “వీపు మీద అంత మూట ఉంటే గాలికి అడ్డం కాదా, వేగం తగ్గదా?” అని తొమ్మిదో తరగతి పిల్లల నుంచి హెడ్‌మాస్టర్ గారి దాకా అందరూ అడిగినవారే. నేను చెప్పేది భౌతికశాస్త్రం కాబట్టి, లెక్క కట్టకుండా జవాబు చెబితే పరువు పోతుంది.

కట్టాను. నేను, సైకిలు, బ్యాగు కలిసి దాదాపు 90 కిలోలు. చదునైన రోడ్డు మీద గాలి లేనప్పుడు గంటకు 22 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి సుమారు 100 వాట్లు కావాలి. అందులో మూడింట రెండు వంతులు గాలిని చీల్చడానికే పోతాయి, మిగతాది టైర్లు తింటాయి. బ్యాగు బరువు వల్ల అదనంగా పడే భారం 2 వాట్లు. దానివల్ల మొత్తం దారికి అర నిమిషం ఆలస్యం కూడా కాదు. ఎత్తులు ఎక్కేటప్పుడు బరువు తెలుస్తుంది కానీ మా దారిలో చెప్పుకోదగ్గ ఎత్తులు లేవు. ఇక గాలి సంగతి. తిన్నగా కూర్చున్న మనిషికి గాలి తగిలేది ముందు ఛాతీకి. భుజాల కన్నా వెడల్పు లేని బ్యాగు ఆ చాటునే ఉండిపోతుంది.

పొద్దున వెళ్లేటప్పుడు వానాకాలపు పడమటి గాలి వెనక నుంచి వస్తుంది. “అయితే బ్యాగు తెరచాపలా తోస్తుందన్నమాట” అన్నారు మా లెక్కల మాస్టారు. తోయదు. గాలి గంటకు 12 కిలోమీటర్లు, నేను 22 అయితే, నా ముఖానికి ఇంకా 10 కిలోమీటర్ల ఎదురుగాలే తగులుతుంది. గాలి నాకన్నా వేగంగా ఉంటేనే తోపు. లెక్కల మాస్టారు ఇది ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

ఇదంతా కాగితం మీద. అసలు పాఠం ఆ జులై సాయంత్రం అయింది.

తిప్పర్తి నుంచి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురవుతుంది. నేను 18తో వెళుతుంటే గాలి 12తో వస్తే, ఒంటికి తగిలేది 30. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి గాలి లేని రోజుతో పోలిస్తే అది దాదాపు మూడింతలు. అలాంటప్పుడు నేను మోచేతులు మడిచి, గడ్డం కిందికి దించి, హ్యాండిలు మీదకు వంగుతాను. ఆ రోజు కూడా అలాగే వంగి ఉన్నాను. మిర్యాలగూడ మిల్లులకు వెళ్లే ధాన్యం లారీ ఒకటి ఎదురుగా వచ్చింది. దాని గాలి విసురుకు కుదుట పడదామని భుజాలు బిగించానో లేదో, టప్పుమని క్లిప్పు ఎగిరిపోయింది.

ఛాతీ పట్టీ లేకపోతే భుజం పట్టీలు రెండూ బయటికి జారతాయి. వంగితే బ్యాగు కుడి పక్కకు, సర్దుకుంటే ఎడమ పక్కకు. పెడలు పెడలుకూ నడుము మీద ఒక గుద్దు. దాన్ని ఆపాలంటే నిటారుగా కూర్చుని, మోచేతులు వెడల్పు చేసి, పట్టీలను భుజాలతో పట్టి ఉంచాలి. అంటే గాలికి నేనే తలుపులా నిలబడాలి. 5 కిలోమీటర్లకు 21 నిమిషాలు పట్టింది. క్యారియర్‌కు కట్టుకోవచ్చు కదా అంటారేమో, దగ్గర తాడు ముక్క కూడా లేదు. చేతిరుమాలు ముడివేసి చూశాను, చాలలేదు.

చివరికి బత్తాయి తోట గేటు దగ్గర దిగాను. బస్తాల మీద కూర్చున్న పెద్దాయన చూసి, “ఆ సంచిని మీరు మోస్తున్నారా సారూ, మిమ్మల్ని అది మోస్తోందా?” అన్నాడు. బస్తాల మూతి కుట్టే పురికొస మూరెడు తెంపి, రెండు పట్టీలనూ కలిపి ఛాతీ మీద తానే ముడివేశాడు. మళ్లీ వంగగలిగాను. మిగిలిన 4 కిలోమీటర్లు 13 నిమిషాల్లో వచ్చాను. అదే బ్యాగు, అదే బరువు, అదే గాలి. మారింది మూరెడు పురికొస.

1993లో స్కాట్లాండ్ సైక్లిస్టు గ్రేమ్ ఓబ్రీ చేతులను ఛాతీ కింద మడుచుకుని గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు సాధించాడు. మరుసటి ఏడాది అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఆ భంగిమనే నిషేధించింది. ఇది తరగతిలో ఏటా చెబుతాను. నా ఒంటికి ఎక్కింది మాత్రం ఆ తోట దాటాకే.

బ్యాగు అమ్మిన కంపెనీకి ఫోను చేస్తే క్లిప్పు విడిగా దొరకదని, కొత్త బ్యాగు మీద తగ్గింపు ఇస్తామని అన్నారు. గడియారం సెంటరు దగ్గర చెప్పులు కుట్టే ఆయన 30 రూపాయలకు ఇనుప బకిల్ వేశాడు. రెండేళ్లు దాటింది, చెక్కుచెదరలేదు.

ఆ తర్వాత పంతానికి పది రోజులు వీపు మీద, పది రోజులు ట్యూబు ముక్కలతో క్యారియర్‌కు కట్టి సమయం రాసుకున్నాను. సగటున క్యారియరే 20 సెకన్లు ముందుంది. కానీ ఒకే పద్ధతిలో వెళ్లిన రెండు రోజుల మధ్యే 3 నిమిషాల దాకా తేడా వచ్చింది కాబట్టి ఆ 20 సెకన్లకు విలువ లేదు. పైగా రోడ్డు అంచున వడ్లు ఆరబోసే రోజుల్లో, గుంతల దగ్గర, బండి చటుక్కున తిప్పడానికి వీపు మీదున్నదే నాకు అనువు.

వీపు భాగం జాలీ గురించి మొదటి ఏడాది నేను ఊరంతా పొగిడాను, గాలి ఆడుతుందని. డిసెంబరులో ఆ మాట నిజమే. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలై, మధ్యాహ్నం 12:30కు ఎండలో బయలుదేరినప్పుడు ఆ జాలీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఒక ఏప్రిల్‌లో వార్షిక పరీక్షల జవాబు పత్రాలు ఇంటికి తెస్తే, చెమట లోపలికి దిగి వీపు వైపున్న నాలుగు పత్రాల సిరా అలుక్కుపోయింది. కటకాల బొమ్మలు నాలుగూ చూడటానికి మబ్బుల్లా ఉన్నాయి. పాపం పిల్లలదేం తప్పు, అనుమానం వచ్చిన చోటల్లా మార్కులు వేశాను. అప్పటి నుంచి వేసవిలో బ్యాగు క్యారియర్ మీదే.

మా అక్క కొడుకు వంపు హ్యాండిలున్న రేసు సైకిలు తొక్కుతాడు. వాడు పూర్తిగా వంగితే ఇదే బ్యాగు మెడ మీదకు జారి హెల్మెట్‌ను ముందుకు నెడుతోంది, తలెత్తి రోడ్డు చూడలేకపోతున్నాడు. వాడికి నా లెక్క పనికిరాదు. నావి 46 ఏళ్లు, తొందరలేని ప్రాణం. 20 కిలోమీటర్ల లోపు దారి, 6 కిలోల లోపు బరువు, ఛాతీ పట్టీకి ఇనుప బకిల్ ఉంటే వీపు మీద బ్యాగుతో నాకు పేచీ లేదు. బదిలీల్లో మిర్యాలగూడ పడితే మాత్రం సైకిలూ వద్దు, బ్యాగూ వద్దు, బస్సే.