సంక్రాంతి ముందు పొదుగు గుడ్లు కొంటున్నారా? "సలికి మురిగిపోయాయి" అంటే నమ్మకండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు జాతికోడి గుడ్లు కొని పొదిగించుకునే వాళ్లందరికీ ఈ హెచ్చరిక. కార్తీకం వెళ్లిన దగ్గర్నుంచి పండగ దాకా ఒకే తరహా బేరం నడుస్తోంది. పుంజు వీడియో పంపుతారు, ఫోన్‌పేలో డబ్బు ముందే వేయించుకుంటారు, బస్సు పార్సిల్‌లో గుడ్లు పంపుతారు. పేరున్న జాతైతే గుడ్డు ఒక్కింటికే వందల్లో ధర. పొదిగే మిషన్‌లో పెట్టి ఏడో రోజు టార్చి వెలుగులో చూస్తే సగం పైగా పిండం లేని ఒట్టివే. అడిగితే జవాబు ముందే తయారుగా ఉంటుంది: "సలికాలం గదా బావూ, అలాగే ఉంటాది. మీ మిషనొకసారి సూసుకోండి."

మన తీరంలో ఆ జవాబు చెల్లదు. పెట్టిన గుడ్డులో పిండం సుమారు 20, 21 డిగ్రీల కిందకి వస్తే ఎదగడం ఆపి నిద్రపోతుంది, అంతే గానీ చచ్చిపోదు. పొదుగు గుడ్లు నిల్వ చేయడానికి 15 నుంచి 18 డిగ్రీలు మంచిదని కోళ్ల శాస్త్రమే చెబుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో నరసన్నపేట, చీపురుపల్లి లాంటి చోట్ల ఇంట్లో మూల గదిలో ఉండేది ఇంచుమించు ఆ చల్లదనమే. నిజానికి గుడ్డుకి మే నెల ప్రమాదం. అప్పుడు పిండం సగం లేచి, సగంలో ఆగి చస్తుంది. పుంజుల తల మీది ఎర్ర జుట్టు మంచుకి దెబ్బతిని ఫలదీకరణ తగ్గడం మంచు గడ్డకట్టే దేశాల బాధ, మనది కాదు. ఫ్రిజ్‌లో దాచిన గుడ్డు సంగతి మాత్రం వేరు. నాలుగైదు డిగ్రీల్లో రోజుల తరబడి ఉంటే దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

చలికాలం దెబ్బ కొట్టేది వెలుతురు తగ్గడం వల్ల. డిసెంబరు మూడో వారంలో మనకి పగలు 11 గంటలే. పెట్ట బాగా గుడ్లు పెట్టాలంటే 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. దానికి తోడు ఈకలు రాల్చుకునే పెట్టలుంటాయి, అవి పెట్టడమే మానేస్తాయి. పుంజుల్లో వీర్యం కూడా ఈ రోజుల్లో పలచబడుతుంది. తెల్లవారుజామున బల్బు వేసి ఆ లోటు పూడ్చేవాడు ఉన్నాడంటే వాడు పని తెలిసినవాడు. మిగతా వాళ్ల దగ్గర గుడ్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. మోసం ఇక్కడే మొదలవుతుంది.

ఒక చిన్న లెక్క వేయండి. మూడు పెట్టలున్నవాడికి రోజుకొకటి చొప్పున పెట్టినా వారానికి 21 గుడ్లు. చలికాలంలో జాతి పెట్ట రోజూ పెట్టదు, పది పదిహేను పెట్టి పొదుగుకి కూర్చుంటుంది. మరి "వారంలో ముప్పై గుడ్లు పంపుతా" అన్నవాడు ఎక్కడి నుంచి తెస్తాడు? ఇరవై రోజులు పోగేసినవైనా అయి ఉండాలి, వేరే కోళ్లవైనా అయి ఉండాలి. గుడ్డు ఏడు రోజుల లోపుదైతే భయం లేదు. ఆ తర్వాత ప్రతి రోజూ పిల్ల దిగే అవకాశం తగ్గుతూ వస్తుంది, రెండు వారాలు దాటితే బాగా పడిపోతుంది. దిగిన పిల్లలు కూడా ఆలస్యంగా దిగుతాయి.

అంతకన్నా పెద్ద మాయ పుంజు దగ్గర ఉంది. పండగ ముందు రెండు మూడు నెలలు పందేనికి తయారు చేసే పుంజుని పెట్టల్లోకి వదలరు. తాడేసి కట్టి, విడిగా మేపుతారు. (పందేలు చట్టవిరుద్ధం, ఆ సంగతి అలా ఉంచండి.) పెట్ట ఒంట్లో పుంజు వీర్యం నిల్వ ఉంటుంది నిజమే. పుంజుని విడదీశాక వారం పది రోజులు గుడ్లు బాగానే నిలుస్తాయి, ఆ తర్వాత దిగజారి మూడు వారాలకి దాదాపు ఏమీ మిగలదు. ఇప్పుడు చెప్పండి, నవంబరులో కట్టేసిన కాకి డేగ (పందెం పుంజు రంగు పేరు) వీడియో చూపించి డిసెంబరు ఆఖరున దాని గుడ్లని అమ్మితే, అవి ఒట్టి గుడ్లైనా కావాలి, పెరట్లో తిరిగే ఇంకో పుంజువైనా కావాలి. కాబట్టి పుంజు ఒక్కదాని వీడియో చూసి డబ్బు వేయొద్దు. పుంజు, పెట్టలు ఒకే దొడ్లో కలిసి మేస్తున్న వీడియో ఆ రోజుదే కావాలని అడగండి. ఎన్ని పెట్టలని అడగండి. అసీల్ లాంటి బరువు జాతిలో ఒక పుంజుకి ఐదారు పెట్టలు చాలు, తేలిక జాతుల్లో ఎనిమిది, పది. బ్రహ్మా లాంటి బొచ్చు జాతులైతే వెనక భాగం ఈకలు కత్తిరించారా అని కూడా అడగాలి, లేకపోతే ఆ ఈకలు అడ్డొచ్చి పుంజు జతకట్టినా కట్టనట్టే.

గుడ్లు మార్చేసే వాళ్లూ ఉన్నారు. ఫారం లేయర్ (గుడ్ల కోసమే కేజుల్లో పెంచే కోడి) గుడ్డు 55, 60 గ్రాములు ఉంటుంది, నాటు గుడ్డు 40 అటూ ఇటూ. కేజుల్లో పుంజే ఉండదు కాబట్టి లేయర్ గుడ్డు ఎన్నాళ్లు పొదిగినా పిల్ల రాదు. టీ డికాక్షన్‌లో ముంచి రంగు తెప్పించిన తెల్ల గుడ్లు నాటు గుడ్ల పేరుతో అమ్మడం కొత్తేం కాదు. అన్నీ ఒకే సైజు, ఒకే రంగు ఉన్నాయంటే అనుమానించండి. నాలుగు పెట్టల గుడ్లు నాలుగు రకాలుగా ఉంటాయి. "వనరాజా పొదుగు గుడ్లు" అని పెరట్లో పెంచిన వనరాజా కోళ్లవి అమ్మేవాళ్లనీ పట్టించుకోవద్దు. వనరాజా సంకర రకం, దాని పిల్లలు దానంతటివి కావు.

పార్సిల్ అందగానే మిషన్‌లో పెట్టేయకండి. విప్పేటప్పుడు వీడియో తీయండి. చీకటి గదిలో ఫోన్ టార్చి మీద గుడ్డు వెడల్పు కొన పెట్టి చూస్తే గాలి గది కనిపిస్తుంది. తాజా గుడ్డులో అది 3 మిల్లీమీటర్ల లోతు, 6 దాటిందంటే పాతది. గుడ్డు తిప్పినప్పుడు ఆ గాలి బుడగ కదిలిందంటే దారి కుదుపులకి ఊడిపోయిందన్న మాట. సన్న కొన కిందకి పెట్టి 12 నుంచి 24 గంటలు కదపకుండా ఉంచండి. చల్లటి గుడ్డు వేడి గదిలోకి వస్తే చెమట పడుతుంది. తుడవొద్దు, కడగొద్దు, ఆరనివ్వండి. తడితో పాటే క్రిములు పెంకు రంధ్రాల్లోంచి లోపలికి పోతాయి. పెట్టిన తేదీ గుడ్డు మీద పెన్సిల్‌తో రాసి పంపమని ముందే షరతు పెట్టుకోండి, మార్కర్ వద్దు.

రెండు మూడు గుడ్లు ఎక్కువ కొని, వచ్చిన రోజే పగలగొట్టి చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష. పచ్చసొన మీద తెల్ల చుక్క వెతకండి. గింజలా గట్టిగా, అంచులు చిందరవందరగా ఉండే చిన్న తెల్ల మచ్చైతే పుంజు తగలని గుడ్డు. నాలుగైదు మిల్లీమీటర్ల గుండ్రటి ఉంగరం, మధ్యలో పలచగా, అంచు తెల్లగా ఉంటే ఫలించినది. ఒక గుడ్డుతో తేల్చేయకండి, రెండు మూడు చూస్తే కళ్లకి అలవాటవుతుంది.

ఏడో రోజు తేడా తెలియాలంటే ఒట్టిగా కనిపించిన గుడ్లని పారేయకుండా పళ్లెంలో పగలగొట్టండి. సొన మీద ఇంకా ఆ చిన్న గట్టి మచ్చే ఉంటే గుడ్డు మొదటినుంచే ఒట్టిది, తప్పు అమ్మినవాడిది. సన్నటి నెత్తుటి వలయం కనిపిస్తే పిండం మొదలై రెండు మూడు రోజుల్లో చచ్చింది. పాత గుడ్డు, దారి కుదుపులు, మీ మిషన్ వేడి, మూడింటిలో ఏదైనా కారణం కావచ్చు. ఈ ముక్క నిజాయితీగా ఒప్పుకోవాలి, ఎందుకంటే చలికాలంలో థర్మాకోల్ పెట్టె మిషన్లు కూడా మోసం చేస్తాయి. ఫ్యాన్ ఉన్న మిషన్‌కి 37.5 డిగ్రీలు, తేమ 18వ రోజు వరకు 50–55 శాతం, ఆ తర్వాత 65–70. రాత్రి గది చల్లబడితే సెన్సర్ ఒక రీడింగ్, గుడ్ల దగ్గర ఇంకో రీడింగ్ చూపిస్తాయి. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు గుడ్ల పక్కన పెట్టి సరిచూడండి. మిషన్‌ని కిటికీ పక్కన, వరండాలో ఉంచొద్దు. పిల్లలు 21 రోజులు దాటి 22, 23కి ఉబ్బినట్టు దిగాయంటే వేడి తక్కువైంది. కాళ్ల వేళ్లు లోపలికి ముడుచుకున్న పిల్లలు వస్తే తల్లి మేతలో విటమిన్ బి2 లోటు చూడాలి. వట్టి నూకలు, చోళ్ల (రాగుల) మీద పెంచిన పెట్టలకి అది మామూలే. దిగిన పిల్లలు వెనక తెల్ల రెట్ట అంటుకుని వరసగా చస్తుంటే తల్లి నుంచి గుడ్డు ద్వారా వచ్చే తెల్ల పారుడు రోగం కావచ్చు. అలాంటివి పశువైద్యుడికి చూపించండి, ఆ మందలోని గుడ్లు మళ్లీ కొనొద్దు.

ఇక డబ్బు. సగం ముందు, సగం ఏడో రోజు టార్చి చూశాక అన్న మాటకి ఒప్పుకోని వాడి దగ్గర కొనకండి. మెసేజీలన్నీ దాచండి. డబ్బు తీసుకుని పార్సిలే పంపకపోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత. వచ్చినవి ఒట్టివైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. పార్సిల్ విప్పిన వీడియో, పగలగొట్టిన గుడ్ల ఫొటోలు అప్పుడు అక్కరకొస్తాయి.