అమ్మ చేతుల అచ్చు, నాయన విగ్రహం: కొన్నేళ్లు ఇంట్లో ఉంచాక

కర్నూలులో మా ఇంట్లో రెండున్నాయి. అమ్మ చేతుల ప్లాస్టర్ అచ్చు ఒకటి, పోయిన నాయనకు ఫోటోలు చూసి చేయించిన ఫైబర్ విగ్రహం ఒకటి, ఛాతీ వరకు. రోజూ చూస్తున్నవే కాబట్టి చెప్తున్నా, పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది చేతులే.

అచ్చుకు వాడేది ఆల్జినేట్ పొడి. సముద్రపు నాచు నుంచి తీస్తారు, పళ్ల డాక్టర్లు కొలతలకు వాడేదీ ఇదే. నీళ్లలో కలిపి, అందులో చేతులు ముంచి కొన్ని నిమిషాలు కదలకుండా ఉంటే మెత్తగా బిగుసుకుంటుంది. నీళ్లు వెచ్చగా ఉంటే మరీ తొందరగా బిగుస్తుంది. మా ఎండలు తెలిసిందేగా, అచ్చు తీయడానికి వచ్చినాయన ఫ్రిజ్ నీళ్లు అడిగి తీసుకున్నాడు. చేతులు తీశాక ఆ గుంతలో ప్లాస్టర్ పోస్తారు. ఆల్జినేట్ ఆరేకొద్దీ ముడుచుకుపోతుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. చేతులు నేరుగా ప్లాస్టర్‌లోనే పెట్టమంటే మాత్రం లేచి వచ్చేయండి. గట్టిపడేటప్పుడు చర్మం కాలేంత వేడెక్కుతుందది.

కత్తిపీట తెగిన బొటనవేలి గాటు, ఉంగరం ఏళ్లుగా నొక్కిన గీత, గోరు పక్కన లేచిన చర్మం, అన్నీ వచ్చాయి. అయితే ప్లాస్టర్ పూర్తిగా ఆరకముందే అద్దాల పెట్టెలో బిగించి ఇచ్చారు. ఆ వానాకాలానికే మణికట్టు దగ్గర బూజు మచ్చలు. పెట్టె విప్పి ఆరబెట్టినా ఛాయ పోలేదు.

ఇక విగ్రహం. ఆళ్లగడ్డ రాతిపనికి పేరున్నా, మా హాల్లోకి రాయి బరువని ఫైబర్‌కు వెళ్లాం. నాయన ఫోటోలన్నీ ఎదురుగా తీసినవే, పక్క నుంచి ఒక్కటీ లేదు. ఫైబర్‌లో పోసే ముందు మట్టితో బొమ్మ చేస్తారు. అది చూడటానికి పోతే అమ్మ ఒకటే మాట: "మీ నాయన ఎప్పుడన్నా ఇట్ల తలెత్తుకుని నిలబడినాడా? సర్కిల్లో లీడరు మాదిరుంది." గడ్డం దించారు, చెవులు సవరించారు. పక్క నుంచి చూస్తే ముక్కు ఇప్పటికీ నాయనది కాదు. ఏ మార్పయినా మట్టి మీదే చేయించుకోవాలి, అచ్చు తీశాక ఎవరూ ఏమీ చేయలేరు. మొహమాటపడొద్దు. పైన కొట్టిన కంచు రంగు కూడా పడమటెండ తగిలే వైపు తెల్లబారితే మళ్లీ వేయించాం.

ముఖానికీ అచ్చు తీస్తారు, ముక్కురంధ్రాలు వదిలేసి. కానీ కళ్లు మూసుకోవాలి, తడి బరువుకు చెంపలు జారతాయి. అమ్మ ససేమిరా అంది. అందుకే ఆమెకు నలువైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టాం.