కయోటీల వేటలో ఆరేళ్ళు .223 వాడాక

టెక్సస్‌లో మా స్నేహితుడికి మేకల ఫారం ఉంది. ఫిబ్రవరి, మార్చిలో మేకలు ఈనే రోజులొస్తే కయోటీలు కంచె కింద నుంచి దూరతాయి. చూడటానికి మన నక్కలాగే ఉంటుంది, కాస్త పెద్దది. పొద్దున్నే వెళ్ళేసరికి ముందురోజు పుట్టిన పిల్ల ఉండదు, తల్లి అరుస్తూ తిరుగుతుంటుంది. అది చూడలేకే ఆరేళ్ళ కిందట, గ్రీన్ కార్డ్ వచ్చాక, .223 రెమింగ్టన్ అనే సన్నటి తూటా వాడే బోల్ట్ రైఫిల్ (ఒక్కో తూటా చేత్తో ఎక్కించేది) కొన్నాను. ఇక్కడ 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. అది కూడా అప్పుడే పూర్తి చేశాను.

ఈ తూటా కయోటీకి చాలుతుందా అని చాలామంది అడుగుతారు. చాలుతుంది, బుల్లెట్ సరైన చోట తగిలితే. ఆరేళ్ళలో నాకు ఎదురైన చెడ్డ అనుభవాల్లో ఒక్కటి తప్ప అన్నీ నా గురి వల్ల వచ్చినవే.

అన్నిటికన్నా బాధపెట్టింది రెండో చలికాలంలో జరిగింది. 180 గజాల దూరంలో కయోటీ ఒకటి అడ్డంగా నిలబడి ఉంది. దాని మొహం వైపు నుంచి గాలి బాగా వీస్తోంది. నేను గాలిని పట్టించుకోకుండా భుజం వెనక గురి పెట్టి కాల్చాను. బుల్లెట్ డొక్కలో తగిలింది. అది మెస్కీట్ అనే ముళ్ళ పొదల్లోకి పారిపోయింది. చీకటి పడేదాకా వెతికినా దొరకలేదు. ఎంతసేపు నరకయాతన పడిందో అనే ఆలోచన చాలా రోజులు వదల్లేదు.

ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాను. గంటకి 10 మైళ్ళ అడ్డగాలికి 55 గ్రెయిన్ల (సుమారు మూడున్నర గ్రాముల) బుల్లెట్ 200 గజాల దగ్గర దాదాపు నాలుగు అంగుళాలు పక్కకి జరుగుతుంది. కయోటీ గుండె, ఊపిరితిత్తులు కలిసి ఒక సాసర్ అంత చోటే. నాలుగు అంగుళాలు వెనక్కి జరిగితే అక్కడున్నవి పేగులు.

ఇంకో మోసం బొచ్చుది. చలికాలంలో ఒళ్ళంతా దట్టంగా పెరిగి జంతువు ఉన్నదానికన్నా లావుగా కనిపిస్తుంది. కింద కనిపించే గీత పొట్ట కాదు, వట్టి బొచ్చు. అందుకే అడ్డంగా ఉంటే ముందుకాలు వెనక అంచు పట్టుకుని పైకి వచ్చి, రొమ్ము ఎత్తులో కింది నుంచి మూడోవంతు దగ్గర ఆగుతాను. అవతలికి ఏటవాలుగా తిరిగి ఉంటే, ఆవలి భుజం మీదికి బుల్లెట్ వెళ్ళేలా డొక్కల వెనక నుంచి గీత ఊహించుకుంటాను. ఎదురుగా వస్తుంటే మెడ కింద, రొమ్ము మధ్యలో. వెనక్కి తిరిగి పోతుంటే కాల్చను. తలకి కూడా గురిపెట్టను. తల ఒక్క క్షణం నిలకడగా ఉండదు, దవడకి తగిలిందంటే ఘోరం.

ఆ మిగిలిన ఒక్క అనుభవం బుల్లెట్‌ది. పల్చటి తొడుగున్న ఒక రకం దగ్గరి దూరంలో భుజం ఎముక మీదే పగిలిపోయి లోపలికి దిగలేదు. వెంటనే రెండోది కాల్చాల్సి వచ్చింది. అప్పటి నుంచి భుజం ఎముక అడ్డుగా ఉంటే ఆగుతాను, అది తిరిగేదాకా. పరుగులో ఉంటే నోటితో గట్టిగా ‘వూఫ్’ అంటే చాలాసార్లు ఒక్క క్షణం నిలబడుతుంది.

నా స్కోప్ (రైఫిల్ మీద గురిచూసే దుర్భిణి) 200 గజాల దగ్గర గురిపెట్టిన చోటే తగిలేలా సెట్ చేసి ఉంది. 100 గజాల దగ్గర ఒకటిన్నర అంగుళం పైన తగులుతుంది, 300 దగ్గర ఏడు అంగుళాల దాకా దిగుతుంది. అంత దూరం నేను కాల్చను. కుందేలు అరుపు వినిపించి కయోటీల్ని రప్పించే కాలర్ అనే పరికరం పెడితే ఒక్కోసారి ఇరవై గజాల దగ్గరికి వచ్చేస్తాయి. అప్పుడు స్కోప్ ఎత్తు వల్ల బుల్లెట్ గురికన్నా కొంచెం కింద తగులుతుంది. బొచ్చు సంగతి తెలియకపోతే అక్కడా తప్పుతాం.

.223లో నాకు బాగా నచ్చింది తన్ను, అంటే కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి కొట్టే దెబ్బ, తక్కువగా ఉండటం. కాల్చాక కూడా జంతువు స్కోప్‌లోంచి తప్పిపోదు. ఎక్కడ తగిలిందో, ఎటు పడిందో చూస్తూనే రెండో తూటా ఎక్కించవచ్చు. గాయపడినదాన్ని వెంటనే ముగించడానికి అదే కావాలి. గాలి ఎక్కువగా ఉండే ప్రాంతం వాళ్ళు మాత్రం ఇంకొంచెం బరువైన బుల్లెట్ చూసుకోవాలి.

పోయిన ఏడాది మా స్నేహితుడు కాపలాకి రెండు గ్రేట్ పిరనీస్ కుక్కల్ని తెచ్చాడు. ఈ ఈతల కాలంలో ఒక్క పిల్ల కూడా పోలేదు. రైఫిల్ బయటికి తీసింది రెండుసార్లే.