ఈక్వటోరియల్ గినీలో పదకొండు రోజులు

కాకినాడ తీరంలో చమురు బావుల పనిలో చాలా ఏళ్ళు గడిపిన మా తమ్ముడు మూడేళ్ళ క్రితం ఉద్యోగరీత్యా ఈక్వటోరియల్ గినీకి వెళ్ళాడు. 2025 జనవరిలో మావారూ నేనూ వాడి దగ్గరకు వెళ్ళి పదకొండు రోజులు ఉండి వచ్చాము. ఈ దేశం గురించి యాత్రికులకు పనికివచ్చే వివరాలు తెలుగులో దాదాపు దొరకవు కనుక, చూసిన చోట్లనూ, బస చేసిన తావులనూ, ఏది శ్రమకూ ఖర్చుకూ తగినదో ఏది కాదో నా అంచనాతో సహా రాస్తున్నాను.

ముందుగా దేశపు రూపం చెప్పాలి, ఎందుకంటే ప్రయాణ ప్రణాళిక అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. మొత్తం విస్తీర్ణం 28,051 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సుమారు నాలుగో వంతు. ఇందులో అధిక భాగం కామెరూన్, గాబన్‌ల మధ్య ఉన్న రియో ముని అనే ప్రధాన భూభాగం. మేము దిగిన మలాబో మాత్రం ఆ నేల మీద కాక, కామెరూన్ తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న బియోకో ద్వీపంలో ఉంది. నైరుతిన చాలా దూరంలో అన్నోబోన్ అనే మరో చిన్న ద్వీపం ఉంది. దేశం పేరులో భూమధ్యరేఖ ఉన్నా, ఆ రేఖ దేశపు నేలను ఎక్కడా తాకదు. అన్నోబోన్ దానికి దక్షిణాన ఉంటే మిగిలినదంతా ఉత్తరాన ఉంది. 1968 అక్టోబరు 12 వరకు ఇది స్పెయిన్ పాలనలో ఉండేది. అందువల్ల స్పానిష్ తెలియకపోతే ఇక్కడ అడుగు తీసి అడుగు వేయడం కష్టం. ఇంగ్లీషు పెద్ద హోటళ్ళలోనూ, చమురు సంస్థల వారి మధ్యనూ మాత్రమే పనిచేస్తుంది. మలాబో వీధుల్లో వినిపించే పిచి అనే మిశ్రమ భాషలో ఇంగ్లీషు మాటలు చాలా ఉన్నాయి కాని, కొత్త చెవికి అవి ఇంగ్లీషుగా అందవు.

1995లో బియోకోకు వాయవ్యంగా సముద్రగర్భంలో జఫీరో చమురు క్షేత్రం బయటపడింది. మరుసటి ఏడాదే ఉత్పత్తి మొదలైంది. పదేళ్ళలో తలసరి ఆదాయం లెక్కల్లో ఈ దేశం ఆఫ్రికాలో ముందు వరుసకు చేరింది. ఆ తర్వాత ఉత్పత్తి తగ్గుతూ వచ్చింది. జఫీరోను నడిపిన ఎక్సాన్ మోబిల్ 2024లో దాన్ని ప్రభుత్వ సంస్థకు అప్పగించి వెళ్ళిపోయింది. ఈ చరిత్ర యాత్రికుడికి ఎందుకంటే, అతను ఎక్కే రోడ్డూ, దిగే హోటలూ, చెల్లించే ధరా అన్నీ ఆ చమురు రోజుల్లో నిర్ణయమైనవే. రోడ్లు చాలా బాగున్నాయి. ధరలు మాత్రం కంపెనీ ఖర్చుతో వచ్చే ఇంజనీర్లను దృష్టిలో పెట్టుకున్నవిగానే నేటికీ ఉన్నాయి, గదులు ఖాళీగా ఉన్నా సరే.

2023 నుంచి వీసాకు ఆన్‌లైన్లో దరఖాస్తు చేసుకునే వీలు వచ్చింది. అంతకు ముందు ఈ దేశానికి పర్యాటకుడిగా రావడమే కష్టమని తమ్ముడు చెప్పాడు. మా దరఖాస్తుకు వాడి ఆహ్వాన పత్రాన్నీ, తిరుగు టిక్కెట్లనూ జతచేశాము. అనుమతి రావడానికి రెండు వారాలు పట్టింది. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. విశాఖపట్నంలో పోర్టు ఆరోగ్య కార్యాలయం వారు, హైదరాబాదులో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వారు ఈ టీకా వేస్తారు. మలేరియా మాత్రల విషయంలో అశ్రద్ధ చేయకూడదు. బియోకోలో 2004 నుంచి మలేరియా నియంత్రణ కార్యక్రమం జరుగుతున్నా, వ్యాధి ఇంకా ఉంది. మేము హైదరాబాదు నుంచి ముంబైకి, అక్కడి నుంచి అడిస్ అబాబా మీదుగా మలాబోకు చేరుకున్నాము.

మలాబోకు రెండు రోజులు చాలు. పాత పట్నం చిన్నది, నడిచి చూడదగినది. 1827లో బానిస వ్యాపారాన్ని అడ్డుకోవడానికి బ్రిటిష్ నౌకాదళం ఇక్కడ స్థావరం వేసింది. అప్పుడు విడుదలైన బానిసల సంతతి వారూ, సియెరా లియోన్ నుంచి వచ్చిన వారూ ఇక్కడే స్థిరపడ్డారు. ఆ తర్వాత స్పానిష్ వారు ఊరికి శాంటా ఇసబెల్ అని పేరు పెట్టారు. చెక్క బాల్కనీల ఇళ్ళు కొన్ని ఇంకా నిలిచి ఉన్నాయి. చాలావాటికి రంగు వెలిసి, తలుపులు వదులై, చూడగానే జాలి కలుగుతుంది. 1897లో మొదలై 1916లో పూర్తయిన శాంటా ఇసబెల్ కెథెడ్రల్ జంట గోపురాలతో నగరానికి ముఖంలాంటిది. 2020 జనవరిలో అగ్నిప్రమాదం దాన్ని తీవ్రంగా దెబ్బతీసింది. మేము బయటి నుంచే చూశాము.

కెథెడ్రల్ ఎదుట నిలబడి నేను ఫోన్ పైకెత్తగానే తమ్ముడు చేయి పట్టుకుని ఆపి, “అక్కా, అటు పక్క ప్రభుత్వ భవనాలున్నాయి, ముందు ఫోన్ దించు” అన్నాడు. అధ్యక్ష భవనం, విమానాశ్రయం, ఓడరేవు, సైనికులు, పోలీసులు కనిపించేలా ఫోటో తీయడం ఇక్కడ నేరం కిందికి వస్తుంది. 1979 ఆగస్టు నుంచి తెయోదోరో ఒబియాంగ్ అధ్యక్షుడిగా ఉన్న దేశమిది. రాజకీయాలు బహిరంగంగా మాట్లాడటానికి స్థానికులు ఇష్టపడరు, మనం అడిగి వారిని ఇబ్బంది పెట్టకూడదు. దారి పొడవునా తనిఖీ కేంద్రాలుంటాయి. పాస్‌పోర్టు, వీసా, టీకా పత్రం నకళ్ళు పది జతలు తీసుకువెళ్ళడం మాకు ఎంతో ఉపకరించింది. ఒకచోట కాగితాలన్నీ సరిగా ఉన్నా అరగంట ఆపి, చల్లని పానీయాలకు డబ్బు అడిగారు. మా డ్రైవరు గొంతు పెంచకుండా, నవ్వు చెదరకుండా, ఏమీ ఇవ్వకుండానే మాట్లాడి బయటపడేశాడు. స్పానిష్ వచ్చిన మంచి డ్రైవరు ఇక్కడ కారుకన్నా ముఖ్యమని నాకు ఆ అరగంటలో తెలిసింది.

మలాబోలో అంతర్జాతీయ చైన్ హోటళ్ళు ఉన్నాయి. గదులు బాగుంటాయని తమ్ముడి సహోద్యోగులు చెప్పారు. అద్దె మాత్రం సొంత ఖర్చుతో వెళ్ళేవారికి భారమే. మేము పాత పట్నంలో ఒక కుటుంబం నడిపే చిన్న హోటల్లో రాత్రికి 45,000 సెఫా ఫ్రాంకులు, అంటే ఆరువేల రూపాయల పైచిలుకు ఇచ్చి ఉన్నాము. గది శుభ్రంగా ఉంది, ఏసీ పనిచేసింది, నీళ్ళు మాత్రం సాయంత్రం పూట సన్నగా వచ్చేవి. ఆ ధరకు మన దగ్గర దొరికే సౌకర్యంతో పోల్చుకుంటే నిరాశ తప్పదు. ఆ ఊరి లెక్కలో అది న్యాయమైన ధరే. సెఫా విలువ యూరోకు 655.957గా స్థిరపరచి ఉంటుంది కనుక యూరో నోట్లు తీసుకువెళ్ళడం మేలు. కార్డులు పెద్ద హోటళ్ళు దాటితే పనికిరావు, ఏటీఎంలను నమ్ముకోకూడదు.

నగరానికి తూర్పున సిపోపో ఉంది. 2011లో ఆఫ్రికా దేశాధినేతల సమావేశం కోసం ఒక్కో అధినేతకు ఒకటి చొప్పున 52 విల్లాలు, సమావేశ మందిరం, విలాసవంతమైన హోటలు, గోల్ఫ్ మైదానం, కృత్రిమంగా ఏర్పరచిన బీచి ఇక్కడ కట్టారు. మేము మధ్యాహ్న భోజనానికి వెళ్ళాము. బీచి మీద మాతో కలిపి ఆరుగురు ఉన్నారు. సముద్రం ప్రశాంతంగా, పిల్లల ఈతకు అనువుగా ఉంటుంది. అంతకు మించి అక్కడ రోజు గడపడానికి నాకు కారణం కనిపించలేదు.

శాకాహారులు భోజనం గురించి ముందే ఆలోచించుకోవాలి. ఊరి తిండిలో అరటికాయ, కర్రపెండలం, చేమదుంపను పోలిన మలాంగా ముఖ్యమైనవి. వేరుశనగ గుజ్జుతో వండిన కోడికూర, నిప్పుల మీద కాల్చిన చేప చాలా రుచిగా ఉన్నాయని మావారు అన్నారు. నేను మాంసం తినను కనుక వేయించిన అరటికాయ, అన్నం, తమ్ముడి వంటింట్లోని ఆవకాయతో సరిపెట్టుకున్నాను. సూపర్ మార్కెట్లలో సరుకులు చాలావరకు దిగుమతి అయినవే, ధరలు ఎక్కువ. బజారులో అడవి జంతువుల మాంసం కనిపిస్తుంది. కోతుల వేటను 2007లోనే నిషేధించినా అది పూర్తిగా ఆగలేదు. దయచేసి కొనవద్దు, కుతూహలానికి రుచి చూడవద్దు. బియోకోలోని ఏడు జాతుల కోతులకు ఆ బజారే ప్రధాన శత్రువు.

నాలుగో రోజు విమానంలో ముప్పావు గంటలో ప్రధాన భూభాగంలోని బాటాకు వెళ్ళాము. బాటా మలాబోకన్నా పెద్దది, విశాలమైనది. సముద్రపు ఒడ్డున పొడవుగా సాగే నడకదారి సాయంకాలం జనంతో కళకళలాడుతుంది. 2021 మార్చి 7న ఈ నగరంలోని సైనిక శిబిరంలో సంభవించిన పేలుళ్ళలో వందమందికి పైగా మరణించారు. అద్దె కారు డ్రైవరు ఆ వైపు వెళ్ళినప్పుడు మాట్లాడటం ఆపి, దాటాక మళ్ళీ మొదలుపెట్టాడు.

అక్కడి నుంచి లోపలికి వెళ్ళే రహదారి అడవిని చీల్చుకుంటూ పోతుంది. దారిలో అడవి నరికి కట్టిన కొత్త నగరం ఒయాలా వస్తుంది. దీనికి సియుదాద్ దె లా పాస్, అంటే శాంతి నగరం అని పేరు పెట్టారు. ఆరు వరుసల రోడ్లు, విశ్వవిద్యాలయం, భారీ హోటలు ఉన్నాయి. మనుషులు చాలా తక్కువ. ఇంకా తూర్పున, గాబన్ సరిహద్దు దగ్గర అధ్యక్షుడి సొంత ప్రాంతమైన మోంగోమోలో 2011లో ప్రతిష్ఠించిన బసిలికా ఉంది. రోమ్‌లోని సెయింట్ పీటర్స్‌ను తలపించే ఆ గోపురం ముందు నిలబడితే నిర్మాణ కౌశలానికి మెచ్చుకోలు కలుగుతుంది. దారిలో చూసిన రేకుల ఇళ్ళు గుర్తుకు వచ్చి మనసు బరువెక్కుతుంది. ఈ రెండూ చూడటానికి మాకు రెండు రోజులు పట్టింది. మళ్ళీ వెళ్ళే అవకాశం ఉంటే ఆ రెండు రోజులనూ మోంటే అలెన్ జాతీయ ఉద్యానానికి ఇస్తాను. గొరిల్లాలు, ఏనుగులు, ప్రపంచంలోనే అతిపెద్ద కప్ప అయిన గోలియత్ కప్ప ఉన్న ఆ అడవిని మేము అంచు నుంచే చూసి వెనక్కి తిరిగాము. లోపలికి వెళ్ళాలంటే గైడునూ, గుడారాన్నీ, తిండినీ ముందుగానే ఏర్పాటు చేసుకోవాలి.

ఈ దేశానికి వచ్చినందుకు సార్థకత అనిపించినది బియోకో దక్షిణ భాగంలోనే. మలాబో నుంచి పడమటి తీరం వెంట దిగితే పాత కోకో తోటలు కనిపిస్తాయి. స్పానిష్ కాలంలో ద్వీపం బతుకు కోకో మీదే సాగేది, తోటల్లో పనికి నైజీరియా నుంచి వేలాదిగా కూలీలు వచ్చేవారు. ఇప్పుడు చాలా తోటలను అడవి కమ్మేసింది. లూబా రేవు దగ్గర ఒక పాత వార్త గుర్తుకు వచ్చి మావారు కారు ఆపించారు. 2022 ఆగస్టులో హీరోయిక్ ఇడున్ అనే చమురు నౌకను ఈ దేశపు నౌకాదళం నిర్బంధించినప్పుడు అందులో 16 మంది భారతీయ నావికులు ఉన్నారు. తర్వాత నైజీరియాకు అప్పగించిన వారిని 2023 మేలో గాని విడుదల చేయలేదు. ఆ నెలల్లో కాకినాడలో నావికుల ఇళ్ళన్నీ ఆ వార్తల కోసం చెవులు రిక్కించుకుని ఉండేవి.

లూబా దాటాక రోడ్డు కొండలెక్కి మోకా చేరుతుంది. 19వ శతాబ్దం చివర ఈ ఎత్తుల్లో ఉండి ద్వీపవాసులైన బూబీలను ఏకం చేసిన రాజు పేరే ఊరి పేరు. గాలి ఒక్కసారిగా చల్లబడి, పచ్చిక మీద పశువులు మేస్తుంటే, మలాబో ఉక్క నుంచి వచ్చిన మాకు వేరే దేశంలో అడుగుపెట్టినట్లు అనిపించింది. ఇక్కడి వన్యప్రాణి పరిశోధన కేంద్రాన్ని చూడటం, ఊరి గైడుతో ఇలాడ్యి జలపాతం వరకు నడవడం చేశాము. బాట జారుడుగా ఉంటుంది, బురదకు తట్టుకునే బూట్లు తప్పనిసరి. రాత్రి బస సాదాసీదా గదిలో, రెండు దుప్పట్లతో.

మోకా నుంచి దక్షిణపు ఒడ్డున ఉన్న ఉరేకాకు దిగాము. ఏటా పది మీటర్లకు పైగా వాన కురిసే ఈ ఊరు ఆఫ్రికాలో అత్యధిక వర్షపాతం గల చోటుగా పేరుపొందింది. అందుకే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు తప్ప ఇక్కడికి రాకూడదు. ఏరు అడవి లోంచి వచ్చి, సముద్రానికి కొద్ది అడుగుల దూరంలోనే జలపాతమై నల్లని ఇసుక మీదికి దూకుతుంది. నాలుగు జాతుల సముద్ర తాబేళ్ళు సరిగ్గా ఈ పొడి నెలల్లోనే ఇక్కడ గుడ్లు పెడతాయి. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్‌లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళను చిన్నప్పటి నుంచి ఎరిగిన దాన్ని. రాత్రి పదకొండు దాటాక గైడు ఎర్రని దీపం నేలకు వంచి చూపించిన లెదర్‌బ్యాక్ తాబేలు మాత్రం నేను ఊహించిన దానికి ఎన్నో రెట్లు పెద్దది. వెనుక కాళ్ళతో ఇసుకను దోసిళ్ళుగా తోడుతూ, మధ్య మధ్య ఆగి, మనిషిలాగే బరువుగా ఊపిరి వదిలింది. గుడ్లు పెట్టడం పూర్తయ్యే వరకు గంటకు పైగా మేము కదలలేదు, ఫోటో తీయలేదు. ఊరి యువకులే గైడులుగా, కావలివారుగా పనిచేస్తున్నారు. వారికిచ్చే రుసుము దగ్గర బేరమాడకండి. కారు, డ్రైవరు, గైడు కలిపి ఈ రెండు రోజుల ప్రయాణానికి మాకు 1,50,000 సెఫా, అంటే సుమారు ఇరవై వేల రూపాయలు అయింది. మొత్తం యాత్రలో నేను ఏ సందేహమూ లేకుండా ఇచ్చిన డబ్బు అదే.

తిరుగు దారిలో 3,000 మీటర్లు దాటిన పికో బసిలే శిఖరానికి వెళ్ళాలనుకున్నాము. పైదాకా రోడ్డు ఉంది, సైన్యం అనుమతి ముందే తీసుకోవాలి. మాకు అనుమతి అందే సరికి సహారా నుంచి వచ్చే హర్మటాన్ దుమ్ము ఆకాశాన్ని కప్పేసింది. సముద్రానికి ఆవల ఉన్న కామెరూన్ పర్వతం కనిపించదని తెలిసి మానుకున్నాము. జనవరిలో వెళ్ళేవారు ఈ ఒక్కదాన్ని వదులుకోవడానికి సిద్ధపడాలి, తాబేళ్ళు ఆ నెలలోనే వస్తాయి కనుక.

పదకొండు రోజులు చేతిలో ఉన్నవారికి నా పంపకం ఇది: మలాబోకు రెండు, మోంటే అలెన్‌కు మూడు, మోకా ఉరేకాలకు నాలుగు, విమానాలు ఆలస్యమైతే అక్కరకు వచ్చేందుకు రెండు. మా బాటా విమానం తిరుగు ప్రయాణంలో ఒక పూట ఆలస్యమైంది. ఎల్లో ఫీవర్ కార్డును సామాన్ల పెట్టెలో కాక పాస్‌పోర్టుతోనే ఉంచుకోండి. ముంబైలో దిగాక ఇమిగ్రేషన్ కన్నా ముందు మమ్మల్ని అడిగింది అదే, చూపలేని వారిని ఆరు రోజుల వరకు క్వారంటైన్లో ఉంచే నిబంధన ఉంది.