ఐరిష్ మూలాల వేటలో ఏడేళ్ళు: డీఎన్ఏ కిట్‌కి రెండు మార్కులు, పెన్షన్ కాగితానికి పది

మా పెళ్ళిలో పంతులుగారు పెళ్ళికొడుకు గోత్రం అడిగేసరికి అందరూ నా మొహం చూశారు. పెళ్ళికొడుకు ఐరిష్ మూలాలున్న అమెరికన్ మరి. చివరికి కాశ్యప గోత్రం అని చదివేశారు. గోత్రం సంగతి అలా తేలిపోయింది గానీ, మా అమ్మకి ఇంకో సందేహం మిగిలిపోయింది. "ఇంతకీ వాళ్ళ సొంతూరు ఏదే?" బోస్టన్ అంటే ఒప్పుకోదు. అది వలస వచ్చిన ఊరు, దానికి ముందు? మా అత్తగారిని అడిగితే తడుముకోకుండా "కార్క్" అన్నారు. ఐర్లండ్‌లో ఒక కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది. ఆవిడ వంటింట్లో కార్క్ కౌంటీ వాళ్ళ ఎరుపు తెలుపు జెండా కూడా వేలాడుతూ ఉంటుంది.

ఇది 2017 మాట. అత్తగారి ఊరు కార్క్ కాదని తేలడానికి నాకు రెండేళ్ళు పట్టింది, అసలు ఊరు చూడటానికి ఇంకో నాలుగేళ్ళు. ఈ దారిలో డబ్బు పెట్టి కొన్నవీ, ఊరికే దొరికినవీ చాలా వాడాను. మీ ఇంట్లోనూ ఐరిష్ అల్లుడో కోడలో ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను. అలాంటి వాళ్ళు ఉండటం వింతేం కాదు లెండి. 2020 జనాభా లెక్కల్లో తాము ఐరిష్ సంతతి అని చెప్పుకున్న అమెరికన్లు సుమారు 3.86 కోట్ల మంది. ఐర్లండ్ ద్వీపం మొత్తం మీద ఉన్న జనమే 70 లక్షలు. ఇక మేముండేది బోస్టన్‌కి దక్షిణాన, సముద్రం ఒడ్డున. ఈ పక్క ఊళ్ళని 'ఐరిష్ రివియెరా' అంటారు.

ముందు డీఎన్ఏ కిట్. మార్చి 17 దగ్గర పడితే చాలు, సగం ధరకే ఇస్తామని ప్రకటనలు మొదలవుతాయి. ఐరిష్ వాళ్ళ పండగ, సెయింట్ పాట్రిక్స్ డే కదా. కంపెనీ పేరు చెప్పను. అత్తగారికీ మావారికీ రెండు కిట్లు కొన్నాం, గొట్టంలో ఉమ్మి పోస్టులో పంపాం. అత్తగారికి 96 శాతం ఐరిష్ అని వచ్చింది. ఆవిడ దాన్ని ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించారు. ఏడాదిన్నర తర్వాత కంపెనీ లెక్క సవరించింది: 81 శాతం ఐరిష్, మిగతాది స్కాట్లండ్. ఆవిడ ఉమ్మి మారలేదు, మారింది కంపెనీ దగ్గరున్న పోలిక నమూనాలు. ఈ ముక్క చెప్పినా ఆవిడ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. పైగా అంత ఖర్చూ పెట్టాక కూడా ఊరి పేరు మాత్రం రాలేదు. సరదాకి నేనూ చేయించుకున్నాను, దక్షిణ భారతం 100 శాతం అని వచ్చింది. అది మా అమ్మ ఊరికే చెప్పేది.

కిట్ వల్ల ఒరిగింది ఒక్కటే, దూరపు బంధువుల జాబితా. అందులో ఒకావిడతో అత్తగారికి రక్తం బాగా కలిసింది. ఆవిడ వాళ్ళు కెర్రీ కౌంటీ వాళ్ళు. నేను అప్పుడే అనుమానించాల్సింది.

తర్వాత నెలనెలా డబ్బు కట్టే వంశవృక్షాల సైటు ఒకటి. దీని మీద నా కోపం ఇంకా చల్లారలేదు. ట్రయల్ అయిపోయాక చెప్పాపెట్టకుండా ఏడాది చందా కార్డు మీద పడింది. అంతకంటే ఘోరం అందులోని వృక్షాలు. మా నోరా సలివన్‌ని, అంటే అత్తగారి అమ్మమ్మని, కార్క్‌లో పుట్టిన ఇంకో నోరాకి ఎవరో ఎప్పుడో తగిలించారు. దాన్ని డజన్ల కొద్దీ జనం కళ్ళు మూసుకుని కాపీ కొట్టుకున్నారు. పది వృక్షాల్లో ఒకే మాట ఉంటే పది సాక్ష్యాలు అనుకుంటాం గదా, అవి ఒకే తప్పుకి పది జిరాక్సులు. అయినా దీనికి సున్నా వెయ్యలేను. నోరా వచ్చిన ఓడ ప్రయాణికుల జాబితా బొమ్మ ఇందులోనే దొరికింది.

ఆ ఓడ జాబితా 1903 నాటిది. క్యునార్డ్ అనే ఓడల కంపెనీ వాళ్ళ ఐవర్నియా, లివర్‌పూల్‌లో బయల్దేరి క్వీన్స్‌టౌన్‌లో ఆగి బోస్టన్ వచ్చేది. నోరా, వయసు 18, పని ఇంటిపని. టికెట్ డబ్బు ఎవరిచ్చారు అన్న గడిలో 'అక్క'. ఎవరి దగ్గరికి వెళ్తోంది, అక్క దగ్గరికే. ఆఖరుగా ఉన్న ఊరు అన్న గడిలో 'కెన్‌మేర్'. కెన్‌మేర్ కెర్రీలో ఉంది! ఇక కార్క్ ఎక్కడినుంచి వచ్చిందంటారా, క్వీన్స్‌టౌన్ రేవు ఉన్నది కార్క్ కౌంటీలో. ఇప్పుడా ఊరిని కోవ్ అంటున్నారు. ఓడ ఎక్కిన ఊరే మూడు తరాల తర్వాత సొంతూరు అయి కూర్చుంది. విశాఖలో రైలెక్కినవాణ్ణి విశాఖవాడు అన్నట్టు. ఈ పొరపాటు ఐరిష్ అమెరికన్ ఇళ్ళల్లో ఎంత మామూలో తర్వాత తెలిసింది.

ఇంట్లో చెప్పుకునే ఇంకో కథ కూడా అక్కడే తెగిపోయింది. 'ఓ సలివన్'లో ఉన్న 'ఓ'ని ఎల్లిస్ ఐలాండ్ (న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్ళని తనిఖీ చేసే చోటు) గుమాస్తా కోసేశాడని అత్తగారి వాళ్ళు తరతరాలుగా చెప్పుకునేవారు. నోరా ఎల్లిస్ ఐలాండ్ మొహమే చూడలేదు, బోస్టన్‌లో దిగింది. నిజానికి అక్కడ పేర్లు మార్చేవాళ్ళు కాదు, ఓడ వాళ్ళు ఇచ్చిన జాబితాలో టిక్కు పెట్టుకునేవాళ్ళు.

ఇక్కణ్ణుంచి నేను వాడినవన్నీ ఐర్లండ్ ప్రభుత్వం ఉచితంగా పెట్టినవే. నేషనల్ ఆర్కైవ్స్ సైట్లో 1901, 1911 జనాభా లెక్కల కాగితాలు యథాతథంగా, ఇంటి యజమాని చేతిరాతతో సహా ఉన్నాయి. అంతకు ముందువి ఎందుకు లేవంటే, 1861, 1871 లెక్కల్ని ప్రభుత్వమే పారేసింది. 1881, 1891 కాగితాల్ని మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితం కరువొచ్చి గుజ్జు చేసేశారు. 1821 నుంచి 1851 దాకా ఉన్నవి చాలా వరకు 1922 జూన్ 30న, పాత దస్తావేజులు దాచిన డబ్లిన్ కోర్టు భవనం ఫోర్ కోర్ట్స్‌లో జరిగిన పేలుడులో, అంతర్యుద్ధం మొదలైన మూడో రోజే, కాలిపోయాయి. అందుకే ఐరిష్ వాళ్ళ వంశం వెతకడమంటే ఎలుకలు కొట్టేసిన దస్తావేజు చదవడమే.

కెన్‌మేర్ చుట్టూ ఎంతమంది సలివన్లో! మా వైపు ఇంటిపేరు తెలిస్తే ఊరు దొరుకుతుంది, అక్కడ ఇంటిపేరు తెలిస్తే పని మొదలైనట్టు, అంతే. బాప్తిస్మం రిజిస్టర్లో నోరా లాటిన్‌లో హొనోరా, జనాభా లెక్కల్లో హనోరా. నేషనల్ లైబ్రరీ పెట్టిన చర్చి రిజిస్టర్లు 1880 ప్రాంతంలో ఆగిపోతాయి గానీ, కెర్రీవి మాత్రం ఆ తర్వాతి ఏళ్ళవి కూడా ప్రభుత్వ సైట్లో ఉన్నాయి. అక్కడే దొరికింది, ఫిబ్రవరి 3న బాప్తిస్మం. పుట్టిన సర్టిఫికెట్లో మాత్రం పుట్టింది ఫిబ్రవరి 20న! బాప్తిస్మం అయ్యాక పదిహేడు రోజులకి పుట్టిన మనిషి. రిజిస్ట్రేషన్ గడువు దాటితే జరిమానా, అందుకని పుట్టిన తేదీని అసలు తేదీకంటే తర్వాతిదిగా రాయించేవారు. మా తరంలో బడిలో వేయించిన పుట్టినరోజులు గుర్తొచ్చాయి.

1901 మార్చి 31 నాటి కాగితం దగ్గర నేను చాలా రాత్రులు కూర్చున్నాను. రెండు గదులు, ముందువైపు రెండు కిటికీలు, గడ్డి కప్పు, తొమ్మిది మంది. తండ్రికి 58 ఏళ్ళు. చదువు గడిలో 'చదవలేడు', సంతకం చోట గీత మీద గీత, ఎక్స్ గుర్తు. భాష 'ఐరిష్, ఇంగ్లీషు'. నోరాకి 16, చదవడం రాయడం వచ్చు. 1911 కాగితంలో నోరా లేదు. తల్లి పేరు పక్కన కొత్త గడి ఉంది: పుట్టిన పిల్లలు 10, బతికున్న పిల్లలు 8. పోయిన ఇద్దరి పేర్లు ఇంకా వెతుకుతున్నాను. ఇంటిపేరు ముందు మళ్ళీ 'ఓ' వచ్చి చేరింది. సొంత భాష మీద మమకారం పెరిగిన ఆ రోజుల్లో చాలామంది అలా తిరిగి పెట్టుకున్నారు.

ఆ 1911 కాగితంలో తండ్రి వయసు 72. పదేళ్ళలో పద్నాలుగేళ్ళు పెరిగాడు. 1909 జనవరి నుంచి 70 దాటినవాళ్ళకి వారానికి 5 షిల్లింగుల దాకా ముసలి పెన్షన్ ఇవ్వడం మొదలుపెట్టారు, అదీ కిటుకు. పుట్టిన సర్టిఫికెట్లు అందరికీ వచ్చింది 1864 నుంచి కాబట్టి ముసలివాళ్ళ దగ్గర రుజువు ఉండేది కాదు. 1839 జనవరి 6 రాత్రి ఐర్లండ్‌ని ఊపేసిన గాలివాన గుర్తుందా అని అడిగేవారట. మన దివిసీమ వాళ్ళు ఉప్పెన ఏడాదితో లెక్క చెప్పినట్టే. లేదా ఫోర్ కోర్ట్స్‌లో అప్పటికింకా కాలని 1841, 1851 లెక్కలు తిరగేసి వయసు రాయించుకునేవారు. ఆ దరఖాస్తులు బతికాయి, అవీ ఆర్కైవ్స్ సైట్లో ఉచితం. నోరా తండ్రి దరఖాస్తు దొరికింది. అతని తల్లి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు స్పష్టంగా ఉన్నాయి. కింద గుమాస్తా రాసిన జవాబు: దొరకలేదు. వాళ్ళకి దొరకనిది నాకు దొరికింది, ఇంకో తరం. తాత పేరు మనవడికి పెట్టడం వాళ్ళలోనూ ఉంది కాబట్టి పేర్లు చక్కగా సరిపోయాయి.

అత్తగారికి ఇదంతా పాస్‌పోర్టు దాకా వచ్చింది. అవ్వో తాతో ఐర్లండ్‌లో పుట్టి ఉంటే విదేశీ జననాల రిజిస్టర్‌లో చేరి పౌరసత్వం తీసుకోవచ్చు. ఫీజు 278 యూరోలు, ఓపిక నెలల తరబడి. మావారికి మాత్రం రాలేదు. ఆయన పుట్టకముందే వాళ్ళమ్మ నమోదై ఉండాలి, ఆవిడ అయ్యింది ఆయనకి ముప్పై ఐదేళ్ళు వచ్చాక. షానన్ ఎయిర్‌పోర్టులో ఆవిడ ఒక క్యూ, మేమిద్దరం ఇంకో క్యూ.

2023లో కెన్‌మేర్ వెళ్ళాం. ఊరి అసలు పేరు రాయను, అక్కడ బంధువులు ఇంకా ఉన్నారు. ఊరు అంటే టౌన్‌ల్యాండ్, కొన్ని పొలాలకి కలిపి ఒక పేరు. ఐర్లండ్‌లో ఇలాంటివి అరవై వేలకి పైనే ఉన్నాయి. ఒక పెద్దాయన "ఏ సలివన్లు?" అని అడిగి, మేం తెల్లబోతే తనే ఒక ముద్దుపేరు చెప్పారు. ఆ చుట్టుపక్కల సలివన్ ఇళ్ళని విడదీసి చెప్పడానికి అలా పిలుస్తారట. ఆ మాట ఏ కాగితంలోనూ లేదు. అత్తగారు మార్చి 17న ఇంట్లో చేసే కార్న్‌డ్ బీఫ్, క్యాబేజీ గురించి చెబితే ఆయన నవ్వారు. అది అమెరికా వంట, ఇక్కడ బేకన్‌తో వండుతాం అన్నారు.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళు నా మాట వింటే, కిట్ చివర కొనండి. ముందు ముసలివాళ్ళ పెట్టెలు తీయండి, ఓడ జాబితా చూడండి, తర్వాత ఆ ఉచిత సైట్లు. ఊరి పేరు తెలిసేదాకా ఏ వృక్షాన్నీ నమ్మకండి.

అక్కణ్ణుంచే అమ్మకి వీడియో కాల్ చేశాను. గోడలు మాత్రం మిగిలిన ఇల్లు, వెనక కొండ చూపించాను. కాసేపు చూసి, "పొలం ఎవరు చేస్తున్నారిప్పుడు?" అంది. నోరా అన్న మునిమనవలు, గొర్రెలు మేపుతున్నారని చెప్పాను. "ఎన్ని ఎకరాలు?" 1850ల నాటి గ్రిఫిత్ పన్ను లెక్కలు ఫోన్లో తీసి చదివాను: పద్నాలుగు. "సొంతమా?" కాదమ్మా, కౌలు.