డాక్యుమెంటరీ అయ్యాక మైకు ఎవరికి ఇవ్వాలి?

ఊళ్లో నెలకో డాక్యుమెంటరీ వేద్దాం, చివర్లో ఒక అతిథిని పిలిచి మాట్లాడిద్దాం అని నలుగురు కూర్చోగానే వాదనంతా ఏ చిత్రం వేయాలన్న దాని మీదే నడుస్తుంది. చిత్రాలకు మనకు కరువు లేదు. 1948లో పుట్టిన ప్రభుత్వ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ తీసినవి ఎన్నో యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతాయి. పబ్లిక్ సర్వీస్ బ్రాడ్‌కాస్టింగ్ ట్రస్ట్ తీయించినవీ అక్కడే ఉన్నాయి. మర్యాదగా ఉత్తరం రాస్తే తమ చిత్రాన్ని పంపే స్వతంత్ర దర్శకులూ ఉన్నారు. తలబద్దలు కొట్టుకోవాల్సింది అతిథి గురించి. తెర మీద పేర్లు పడి, హాల్లో లైట్లు వెలిగాక జనం చెప్పులు వెతుక్కుంటారా, కూర్చుని ఇంకో గంట మాట్లాడతారా అన్నది ఆ వచ్చిన మనిషిని బట్టే తేలుతుంది.

పిలవదగినవారు ముగ్గురు. చిత్రం తీసిన దర్శకుడు, ఆ విషయం క్షుణ్ణంగా చదివిన నిపుణుడు, ఆ విషయంలోనే బతుకుతున్న స్థానికుడు. నా ఓటు మూడో మనిషికి. అయితే ఆ ఓటు అన్ని నెలలకూ వర్తించదు.

పోల్చడానికి ఒకే విషయం తీసుకుందాం. నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ నీళ్ల మీద తీసిన చిత్రాన్ని ఆ జిల్లాలోనే ఒక శాఖా గ్రంథాలయంలో వేస్తున్నామనుకోండి. ఆ నీళ్ల వల్ల పళ్లూ ఎముకలూ దెబ్బతినే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న దర్శి, పొదిలి ప్రాంతంలో. కాబట్టి ఈ చిత్రాన్ని ప్రకాశం జిల్లాలో వేసినా కథ అదే.

దర్శకుడు వస్తే

మొదటి లాభం పేరు. కరపత్రం మీద దర్శకుడి ఫొటో ఉంటే పాతిక మంది ఎక్కువ వస్తారు. రెండోది, కొన్ని ప్రశ్నలకు జవాబు ఆయన దగ్గరే ఉంటుంది. కెమెరా ముందు కన్నీళ్లు పెట్టుకున్న ఆ తల్లి అనుమతి తీసుకున్నారా? చిత్రం పూర్తయ్యాక ఆ ఊరికి వెళ్లి వాళ్లకు చూపించారా? అధికారి మాటలను ఎక్కడ కత్తిరించారు, ఎందుకు? ఈ మాటలు నిపుణుణ్ని అడిగి ప్రయోజనం లేదు. పేచీ ఉన్న చిత్రమైతే దర్శకుడు ఉండి తీరాలి. 2004లో ముంబయి అంతర్జాతీయ చిత్రోత్సవం భారతీయ చిత్రాలకు సెన్సార్ సర్టిఫికెట్ అడిగితే, డాక్యుమెంటరీ దర్శకులు ‘వికల్ప్’ పేరుతో వేరే వేదిక పెట్టుకుని తమ చిత్రాలు ప్రదర్శించారు. అలాంటి చరిత్రను అనుభవించినవాళ్ల నోట వినడంలోని రుచి వేరు.

నష్టం కూడా అక్కడే మొదలవుతుంది. పావుగంట గడిచేసరికి మాటలు నీళ్ల మీద నుంచి కెమెరా మీదికి జారుతాయి. ఏ లెన్స్ వాడారు, ఎన్ని రోజులు తీశారు, తర్వాతి చిత్రం ఏమిటి? సినిమా అంటే ప్రాణమిచ్చే కుర్రాళ్లు ముందు వరుస పట్టేస్తారు. ఆ నీళ్లు తాగినవాళ్లు వెనక వరుసలో మౌనంగా కూర్చుంటారు. పైగా మన మొహమాటం సంగతి తెలిసిందే. శ్రమపడి అంత దూరం నుంచి వచ్చిన మనిషి ముఖాన ‘మీ చిత్రంలో మా ఊరి సంగతి సగమే ఉందండీ’ అని ఎంతమంది అనగలరు?

నిపుణుడు వస్తే

చిత్రంలో లేని లెక్క ఆయన చెబుతాడు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని, గ్రానైట్ రాళ్ల పొరల్లోంచి అది నీటిలోకి దిగుతుందని, బోరు లోతుకు వెళ్లినంత మాత్రాన మంచి నీళ్లు పడతాయన్న నమ్మకం లేదని విడమరుస్తాడు. ఇదంతా అవసరమే. చిత్రంలో పొరపాటు ఉంటే పట్టుకోగలిగేది కూడా ఆయనే.

చిక్కేమిటంటే నిపుణుడు తన ల్యాప్‌టాప్‌ను వెంట తెచ్చుకుంటాడు. చిత్రం చూసి మనసు కదిలి ఉన్న జనం ముందు నలభై స్లైడ్లు తిరిగితే ఆ వేడి కాస్తా చల్లారుతుంది. నిపుణుణ్ని పిలిచేటప్పుడే ‘స్లైడ్లు వద్దు సార్, పది నిమిషాలు మాట్లాడి ప్రశ్నలు తీసుకోండి’ అని చెప్పగల ధైర్యం నిర్వాహకులకు ఉండాలి. ఇక సంబంధిత శాఖ అధికారిని పిలిస్తే ఆ సాయంత్రం అర్జీల స్వీకరణ కార్యక్రమంగా మారిపోతుంది. మా వీధిలో నల్లా ఎప్పుడు వస్తుంది, మోటారు ఎప్పుడు బాగు చేస్తారు అనే ప్రశ్నలు తప్పులేనివే, కానీ వాటికి వేరే రోజు ఉంది.

స్థానికుడు వస్తే

ఇక్కడ ముందుగా ఒక మాట. స్థానికుడు అనగానే చాలామందికి బాధితుడు గుర్తొస్తాడు. నడుము వంగిపోయిన ముసలాయనను కుర్చీలో కూర్చోబెట్టి, మైకు ఇచ్చి, మీ బాధ చెప్పండి అనడం నాకు ఎంతమాత్రం నచ్చదు. తెర మీద ఒకసారి చూపించినదాన్ని వేదిక మీద మళ్లీ చూపించడమే అది. పిలవాల్సింది ఆ సమస్యతో రోజూ పనిచేసే మనిషిని. మంచినీళ్ల ట్యాంకు దగ్గర వాల్వు తిప్పే ఆయన, పిల్లల పళ్ల మీద మరకలు చూసే బడి టీచరు, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు విధానానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటిని తేరనివ్వడం అందులోని పని. ఇంట్లో బక్కెట్లో కూడా చేసుకోవచ్చు. నిపుణుడు దీన్ని రెండు వాక్యాల్లో చెబుతాడు. ఒకప్పుడు ఇంట్లో చేసి చూసిన గృహిణి బక్కెట్ తెచ్చి బల్ల మీద పెట్టి, పటిక ఎంత వేయాలో, ఎంతసేపు కలపాలో, అడుగున చేరిన మడ్డి కదలకుండా పైనీళ్లు ఎలా వంచాలో చూపిస్తుంది. ఆ తర్వాత, రోజూ ఇంత పని ఎవరు చేస్తారమ్మా అని తనే అడుగుతుంది. ఒక మంచి పద్ధతి ఇళ్లలో ఎందుకు నిలవడం కష్టమో ఆ ఒక్క ప్రశ్నతో హాలంతటికీ అర్థమవుతుంది. 2016లో మొదలైన మిషన్ భగీరథ నీళ్లు ఆమె వీధికి వచ్చాక ఏం మారింది, ఏం మారలేదు అన్నది కూడా ఆమె నోటే వినాలి. చేనేత చిత్రమైనా ఇంతే. ఆసు పోయడం (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే పని) గురించి డిజైనర్ ఎంత చెప్పినా, ఒక్కో చీరకు వేల సార్లు చేయి ఆడించిన మనిషి తన భుజం పట్టుకుని చూపించే తీరు రాదు.

ఈ దారిలో శ్రమ ఎక్కువ. వేదిక అలవాటు లేనివాళ్లు ఉపన్యాసం ఇవ్వలేరు, ఇవ్వమని అడగనూకూడదు. పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్నా అడిగి మాటను ముందుకు నడిపే వ్యక్తి కావాలి. ముందురోజు వాళ్ల ఇంటికి వెళ్లి టీ తాగి, ఏవి మాట్లాడాలనుకుంటున్నారో, ఏవి వద్దనుకుంటున్నారో తెలుసుకోవాలి. వాల్వు తిప్పే ఆయన ఉద్యోగం పంచాయతీ చేతిలో ఉంటుంది. ఆయన నోట సర్పంచి మీద ఫిర్యాదు చెప్పించి మనం ఇంటికి వెళ్లిపోతే మర్నాడు పడే తిప్పలు ఆయనవి.

దర్శకుడూ స్థానికుడూ ఒక్కరే అయిన సందర్భం కూడా మన దగ్గరే ఉంది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు కెమెరా పట్టి తమ విత్తనాల మీద, చిరుధాన్యాల మీద చిత్రాలు తీశారు. కింద కూర్చున్న మనిషిని పై నుంచి చూపిస్తే వాళ్ల భాషలో అది పటేల్ షాట్, అంటే దొర చూపు. కళ్లకు కళ్లు సమానంగా ఉంచితే సంఘం షాట్. ఏ ఫిల్మ్ స్కూలూ నేర్పని పాఠమిది. అలాంటి చిత్రం దొరికి, తీసినవారు రాగలిగితే ఈ పోలికంతా పక్కన పెట్టి వెంటనే పిలవండి.

ముందా, తర్వాతా?

ఇందులో నాకు సందేహమే లేదు. తర్వాతే. మన సభలకు ఒక జాతకం ఉంది. జ్యోతి ప్రజ్వలన, అధ్యక్షుల తొలిపలుకులు, ముఖ్య అతిథి పరిచయం, ఆత్మీయ అతిథి పరిచయం, శాలువాలు, జ్ఞాపికలు. ఇవన్నీ ముందు పెడితే ఆరింటి చిత్రం ఏడుంబావుకు మొదలవుతుంది, చిన్నపిల్లలున్న తల్లులు సగంలో లేస్తారు. చిత్రం గురించి ముందే ఎక్కువ చెబితే జనం తాము చూసింది పక్కనపెట్టి, అతిథి చూడమన్నదే చూస్తారు. ముందు రెండు నిమిషాలు చాలు. చిత్రం ఎక్కడిది, ఎంతసేపు, మరుగుదొడ్డి ఎటువైపు. ఉపశీర్షికలు ఇంగ్లీషులోనే ఉంటే మాత్రం ఒక మినహాయింపు. కథాస్థలాన్నీ ముఖ్యమైన మనుషులనూ తెలుగులో ముందే పరిచయం చేయాలి, లేకపోతే సగం హాలు బొమ్మలు చూసి వెళ్లిపోతుంది.

వీడియో కాల్‌లో అతిథి గురించి ఒక్క మాట. దర్శకుడైతే సరే, పావుగంట వరకు నడుస్తుంది. స్థానికుడైతే వద్దు. అవతల నెట్ తెగుతుంటే ‘వినిపిస్తోందా’ అనడంతోనే సమయం గడిచిపోతుంది.

ఎక్కడ వేయాలి?

గ్రంథాలయం, బడి, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్. మన ఊళ్లలో చేతికందేవి ఈ మూడే. సౌకర్యం చూస్తే క్లబ్‌హౌస్‌ది పైచేయి: ఏసీ ఉంటుంది, తెర ఉంటుంది, కుర్చీలు మెత్తగా ఉంటాయి. కానీ గేటు దగ్గర పేరు, ఫోన్ నంబరు, ఫ్లాట్ నంబరు రాయమంటే వాల్వు తిప్పే ఆయనా, ఆయన పక్కింటివాళ్లూ లోపలికి రారు. అందరి కోసం అని మొదలుపెట్టింది ఆ గేటు దగ్గరే ఆగిపోతుంది.

చట్టం దృష్టిలో బడి సులువు. విద్యాసంస్థ కార్యక్రమంలో భాగంగా విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవారికే సినిమా చూపిస్తే కాపీరైట్ చట్టం మినహాయింపు ఇస్తుంది. వీధిలోని అందర్నీ పిలిస్తే ఆ మినహాయింపు పోతుంది. బహిరంగ ప్రదర్శనకు సర్టిఫికెట్ కావాలన్నది 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం మాట, హక్కుదారు అనుమతి దానికి అదనం. ఇంట్లో చూసే ఓటీటీ ఖాతా నుంచి హాల్లో వేయడం కుదరదు. నెట్‌ఫ్లిక్స్ మాత్రం తన డాక్యుమెంటరీల్లో కొన్నింటిని విద్యా ప్రయోజనం కోసం, రుసుము లేకుండా ఒకసారి చూపించుకోనిస్తుంది. ఏవో వాళ్ల సైట్‌లో రాసి ఉంటాయి.

నేనైతే గ్రంథాలయానికే మొగ్గుతాను. ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున సెస్సు కట్టేది మనమే కాబట్టి ఆ హాలు అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు. కిటికీలకు నల్లగుడ్డ కట్టుకోవాలి, ఫ్యాన్ల మోత భరించాలి. డబ్బు కొద్దిగానే ఉంటే ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చుకుని, ఉన్నదంతా స్పీకర్ల మీద పెట్టండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట వినపడకపోతే లేచిపోతారు.

టికెట్టా, దాతలా, జోలె పట్టడమా అంటే జోలే మేలు. గోరఖ్‌పూర్‌లో 2006లో మొదలైన ‘ప్రతిరోధ్ కా సినిమా’ వాళ్లు కంపెనీల సొమ్మూ సర్కారు సొమ్మూ ముట్టకుండా చందాలతోనే ఉత్సవాలు నడిపారు. ఊళ్లో స్పాన్సర్ అంటే సాధారణంగా ఒక రియల్ ఎస్టేట్ సంస్థ. చెరువుల మీద చిత్రం వేయాల్సిన నెల వచ్చినప్పుడు ఆ బ్యానర్ ఎక్కడ కట్టాలో మీరే చెప్పండి.

అతిథుల ఖర్చు దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. దర్శకుడికి ఏసీ బస్సు టికెట్, హోటల్ గది, కవరు. నిపుణుడికి కారు. స్థానికుడికి శాలువా. ఆ శాలువా ఆయన బీరువాలోకి పోతుంది, ఆ రోజు కోల్పోయిన కూలి మాత్రం తిరిగి రాదు. ముగ్గురికీ ఒకే మొత్తం ఉన్న కవరు ఇవ్వండి. శాలువా మానేసినా ఎవరూ ఏమీ అనుకోరు.