పెయింటు మందం కొలిచే మీటరు: పాత డీజిల్ సెడాన్‌ల తనిఖీలో ఎంతవరకు నమ్మవచ్చు?

మెర్సిడెస్ బెంజ్ డబ్ల్యూ123 శ్రేణిలోని 240డి, 300డి వంటి పాత డీజిల్ సెడాన్‌లను కొనేముందు పరీక్షించడానికి ఈ మీటరును కొన్నేళ్లుగా వాడుతున్నాను. సరిగ్గా చూసుకుంటే ఆ ఇంజన్లు లక్షల కిలోమీటర్లు నడుస్తాయి. బండిని మూలన పడేసేది సాధారణంగా రేకు తుప్పే.

మీటరు పెయింటు మందాన్ని మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) చూపిస్తుంది. ఫ్యాక్టరీ పెయింటు సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. బండి అంతటా అంకె 250 దగ్గర నిలకడగా ఉంటే మొత్తం మళ్లీ పెయింటు వేయించి ఉంటారు, దానితో నాకు పెద్ద పేచీ లేదు. చుట్టూ 130 చూపుతూ వెనుక చక్రం పైవంపు దగ్గర ఒక్కసారిగా 1000 దాటితే మాత్రం కింద పుట్టీ ఉన్నట్టే. మడ్‌గార్డుల కింది అంచుల్లో, డోర్ల అడుగున ఇలాంటి ఎగుడుదిగుళ్లను పట్టుకోవడంలో దీనికి తిరుగులేదు.

అయితే ఇది తుప్పును కొలవదు. ఈ కార్లలో తుప్పు ఎక్కువగా లోపలి నుంచి బయటికి వస్తుంది. నీరు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోతే, డోర్ల కింద ఉండే బోలు దూలాల్లో తేమ నిలిచి, పై పెయింటు చెక్కుచెదరకుండానే రేకు పలచబడుతుంది. అక్కడ మీటరు అమాయకంగా 120 చూపిస్తుంది. పెయింటు బుడగలా ఉబ్బే సమయానికి లోపల చాలాసార్లు చిల్లే పడి ఉంటుంది. అడుగుభాగానికి కొత్తగా పూసిన నల్లటి కోటింగు మీద ఏ అంకె వచ్చినా అర్థం లేదు, అమ్మకానికి ముందే ఆ పూత వేశారంటే నాకు అనుమానం రెట్టింపవుతుంది.

అందుకే మీటరును జేబులో పెట్టి, జాకీ పెట్టే రంధ్రాల మూతలు తీసి టార్చితో లోపలికి చూస్తాను. ముందు అద్దం రబ్బరు కింది మూలలు, బ్యాటరీ కింది తట్టు, స్టెప్నీ గుంట, డిక్కీలో దాని పక్క అరలు తప్పక చూడాలి. సన్‌రూఫ్ ఉంటే దాని నీటి గొట్టాలు మూసుకుపోయాయేమో పరీక్షించాలి. కార్పెట్టు ఎత్తి చూడనివ్వని అమ్మకందారుతో నేను బేరం కొనసాగించను. బోలు భాగాల్లోకి పంపే సన్నని కెమెరా ఉంటే పని ఇంకా సులువవుతుంది. మీటరు, కెమెరాల్లో ఒక్కటే కొనగలిగితే కెమెరానే కొనమంటాను.

మీటరును వాడే ముందు పెయింటు లేని ఉక్కు పలకపై సున్నాకు సరిచేయాలి. పదునైన వంపుల మీద, అంచుల దగ్గర అంకె తప్పు రావచ్చు కాబట్టి ఒకే చోట రెండు మూడు సార్లు కొలవాలి. ఖరీదైన మోడళ్లు అల్యూమినియం మీద కూడా పనిచేస్తాయి గానీ, ఈ సెడాన్‌ల బాడీ ఉక్కు రేకు కనుక దానికోసం అదనంగా ఖర్చు పెట్టనక్కరలేదు.